గుడ్ల ట్రేల్లో గోల్ఫ్ బంతులు

నిన్న పొద్దున బంతుల సంచి వచ్చింది. ఆటో అతను షట్టరు ముందు దించి వెళ్ళిపోయాడు. పాత యూరియా సంచి, మూతికి పురికొస. లోపల నాలుగైదు వందల గోల్ఫ్ బంతులు, వాటితో పాటు బురద, నాచు. అన్న పోయాక వచ్చిన మొదటి సంచి ఇది.

వదిన బయటికొచ్చి సంచిని కాలితో కొంచెం కదిపి చూసింది.

"ఏరిన సరుకు అయిపోయింది యాదమ్మా. ఇగ ఇది నువ్వే ఏరాలె."

"అన్న సూడకుండ నాకు రాదు వదినా."

"రాకపోతే చెప్పు. నెలాఖరుకు షట్టర్ ఖాళీ జేసి తాళం ఇచ్చేద్దాం. వస్తే నడుపుదం. నాకు ఒక్కదానికైతే చేతగాదు."

వదిన నా మొహం వైపు కాసేపు చూసి, "ముందుగాల మొదలువెట్టు" అని లోపలికి పోయింది. నేను టబ్బులో నీళ్ళు పట్టాను.

నేను అయిదో తరగతి దాకే చదివాను. అన్న గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నిన్న జరిగింది మర్చిపోతానేమోనని రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

మాది నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో అద్దెకు తీసుకున్న ఒక షట్టరు గది. గోల్ఫ్ ఆడేవాళ్ళు బంతులు పోగొట్టుకుంటారు. కొన్ని పొదల్లో పడతాయి, కొన్ని మైదానంలో ఉండే మడుగుల్లో పడతాయి. వాటిని తీయించి పంపే గుత్తేదారు ఒకాయన ఉన్నాడు. మేము కడిగి, ఏరి, డజను చొప్పున డబ్బాల్లో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతాం. ఆట నేర్చుకునేవాళ్ళు, ఖరీదైన కొత్త బంతిని నీళ్ళల్లోకి కొట్టడానికి మనసొప్పనివాళ్ళు కొంటారు. తర్వాత చేతి తొడుగులు, బంతి కింద గుచ్చే చెక్క పుల్లలు కూడా పెట్టాం గానీ, మా దుకాణానికి పేరొచ్చింది బంతులతోనే. ఫోన్లో ఆర్డర్లు చూడటం, రాయడం వదిన పని. కడగడం, ఫోటో తీయడం, ప్యాకింగ్ నా పని. మిగిలిందంతా అన్న పని.

ఆయన నా సొంత అన్న కాదు. నేను మందుబిళ్ళల కంపెనీలో ప్యాకింగ్ చేసేదాన్ని. మిషను వచ్చి మమ్మల్ని ఇంటికి పంపారు. చిల్కానగర్ నుంచి నడిచొచ్చి ఒక్కో గేటు దగ్గర అడుగుతూ ఈ సందులోకి వచ్చాను. షట్టరు ముందు స్టూలు మీద కూర్చున్న ఒకాయన పిలిచాడు.

"ఏం పని జేస్తవ్ చెల్లె?"

"ప్యాకింగ్."

"గుడ్లు పగలకుండ ప్యాక్ జేస్తవా?"

"జేస్తా."

"ఇవి పగలనే పగలవు. రా."

అంతే. పేరు కూడా మర్నాడే అడిగాడు.

లోపలికి వెళ్తే అన్నీ గుడ్ల ట్రేలే. కడిగిన బంతులు దొర్లిపోకుండా, గాలికి ఆరడానికి అంతకన్నా మంచి వస్తువు లేదని ఆయన లెక్క. ముప్ఫై బంతులకు ఒక ట్రే. షట్టరు ముందు ఎండలో ట్రేలు వరసగా పెడితే దారినపోయేవాళ్ళు గుడ్ల కొట్టనుకునేవాళ్ళు. ఒకసారి ఒక అవ్వ ఆగి, "డజను ఎట్లిస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. అన్న ఒక బంతి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"తీస్కపోయి ఉడకవెట్టవ్వా. పొద్దుమూకినా ఉడకకపోతే వాపస్ తే."

ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "ఇదేం కోడిరా నాయనా!" అని నవ్వుకుంటూ వెళ్ళింది.

ఎదురుగా చాయ్ బండాయన రోజుకొకసారి అడిగేవాడు. "ఏమన్నా, నీ కోళ్ళు గోల్ఫ్ ఆడుతున్నయా?"

"ఆడుతున్నయి. నీ చాయ్ తాగినయి మాత్రం లేస్తలేవు."

ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజయితే ఇంకో గోల. పెట్టెల మీద బంతి బొమ్మ చూసి, "అన్నా, టికెట్లు దొరుకుతయా?" అని బండి ఆపి అడిగేవాళ్ళు. ఆ రోజు మా డబ్బాలు తీసుకుపోయే పికప్ ఆయన ట్రాఫిక్కులో ఇరుక్కుని రాడు. అన్న స్టూలు మీద కూర్చుని, "గా బంతి పెద్దగుంటది, గందుకే దానికి గంత ట్రాఫిక్" అనేవాడు.

ఈ పనికి ముందు ఆయన గోల్ఫ్ మైదానంలో సంచి మోసేవాడు. ఆడేవాళ్ళ వెనక కర్రల సంచి భుజాన వేసుకుని నడవాలి. వాళ్ళు కొట్టిన బంతి ఎక్కడ పడిందో చూసి చెప్పాలి. క్యాడీ అంటారు. ఇరవై ఏళ్ళకు పైనే చేశాడు. భుజం పోయింది, అందుకే మానేశానని అందరికీ చెప్పేవాడు. కానీ తడి బంతుల సంచిని ఆ భుజంతోనే ఎత్తి లోపలికి తెచ్చేవాడు. అది నాకు అప్పుడు తట్టలేదు.

ఆట ఏమిటని అడిగితే ఇట్లా చెప్పాడు. "ఇగో, గీడికెల్లి ఉప్పల్ చౌరస్త దాంక మైదానం అనుకో. గాడ ఇంత బొంద ఉంటది. బంతిని కొట్టుకుంట పోయి అండ్ల వెయ్యాలె."

"గంతేనా?"

"గంతే. గా గంతే కోసం ఇరవై ఏండ్లు మోసిన."

"నువ్వెన్నడన్న ఆడినవా అన్నా?"

"ఒకపారి ఒక సారు కర్ర చేతికిచ్చి కొట్టమన్నడు. కొట్టిన. ఎటు వోయిందో నాకే తెల్వలే. కొట్టెటోనికి కనవడది చెల్లె. ఎనక నిలవడ్డోనికి కనవడ్తది."

మైదానం అలవాట్లు ఆయన ఒంట్లోంచి పోలేదు. ఎవరైనా ఏదైనా పని చేయబోతుంటే కదలకుండా నిలబడిపోయేవాడు. పుచ్చకాయల బండివాడు కత్తి ఎత్తగానే ఆగేవాడు. కాయ రెండు చెక్కలయ్యాకే మళ్ళీ ఊపిరి తీసుకునేవాడు. వదిన సూదిలో దారం ఎక్కిస్తుంటే ఫ్యాను కట్టేసేవాడు. కొట్టేవాళ్ళు కర్ర ఎత్తినప్పుడు క్యాడీ కదలకూడదట, దగ్గకూడదట, నీడ కూడా బంతి మీద పడకూడదట. నేను పికప్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా అట్లాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసేదాకా పికప్ ఆయన్ని కూడా మాట్లాడనిచ్చేవాడు కాదు. నా సంతకానికి అంత మర్యాద ఇచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

ఇంకోటి నడక. ఎప్పుడూ మూడడుగులు వెనకే.

"పెండ్లయినకాన్నుంచి ఈ మనిషి నా పక్కపొంటి నడ్వలే యాదమ్మా," అనేది వదిన. "నేను ముందట ముచ్చట వెట్టుకుంట పోతుంటే సూసెటోళ్ళు దీనికి పిచ్చిలేసిందనుకుంటున్నరు."

"ముందట నడ్సెటోళ్ళు ఆడెటోళ్ళు. మనం మోసెటోళ్ళం" అనేవాడు ఆయన.

చివరి రెండేళ్ళు మాత్రం కొంచెం మారింది. కూరగాయల సంచి ఒక చెవి వదిన పట్టుకుంటే, రెండో చెవి ఆయన పట్టుకుని నడిచేవాడు. ప్రేమ అనుకున్నాను. చాయ్ బండాయన కూడా అట్లాగే అనుకుని ఏడిపించేవాడు.

ఇక ఏరే పని. బంతులను మూడు రకాలుగా ఏరాలి. కొత్తదానిలా ఉంటే ఏ. సన్న గీతలుంటే బి. నీళ్ళల్లో చాలా రోజులుండి తెలుపు తగ్గినవి సి. నీళ్ళల్లో నానిన బంతి చూడటానికి బాగానే ఉన్నా దూరం పోదట. దాన్ని ఏ అని అమ్మితే కొన్నవాడు తన చేతిదే తప్పనుకుంటాడట. "గది పాపం" అనేవాడు. మొదట్లో ఆయనే ఏరి చూపించాడు. ట్యూబులైటు కింద చూడొద్దు, కిటికీ వెలుగులో చూడు. గోటితో గీకు. అరచేతిలో దొర్లించు. ఆయన దొర్లించేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. అది ఆయన పద్ధతి అనుకున్నాను.

రెండు మూడు నెలలయ్యాక పద్ధతి మారింది. నేనే బంతి తీసి చూసి గట్టిగా చెప్పాలి. ఆయన పక్కన కూర్చుని, బంతి వైపు కాదు, కిటికీ వైపు మొహం పెట్టి, నేను రకం చెప్పాక అడిగేవాడు.

"ఏ."

"పక్కా నా?"

"పక్కా."

"వెయ్యి."

నాకు అనుమానమొచ్చి గొంతు తగ్గితే, "వెయ్యి" అనేవాడు కాదు. నేనే మళ్ళీ కిటికీ దగ్గర చూసి, గీత కనపడి "బి అన్నా" అనేదాన్ని. "పక్కా నా?" ఒక్కో సంచికి నాలుగైదు వందల సార్లు అదే మాట. విసుక్కునేవాడు కాదు. తప్పని కూడా ఎప్పుడూ చెప్పలేదు.

డబ్బాల మీద అంటించే అడ్రసులు కూడా నాతోనే చదివించేవాడు. "సదువు చెల్లె. సదవకుంటే మర్సిపోతవ్." నేను వేలు పెట్టుకుని ఇంటి నంబరు, వీధి, ఊరు చదివేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పలికితే ఆయన కలిపి ఊరి పేరు చెప్పేవాడు. నన్ను చదివిస్తున్నాడని మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను.

ఆన్‌లైన్‌లో పెట్టిన పంతొమ్మిది రోజులకు మొదటి ఆర్డరు వచ్చింది. అప్పటిదాకా వదిన ఫోను పట్టుకుని, ఆయన వదినను పట్టుకుని కూర్చున్నారు. ఆర్డరు ఎక్కడినుంచి అంటే ఏఎస్ రావు నగర్ నుంచి. పక్కనే. నడిచిపోయి ఇచ్చిరావచ్చు. కానీ అట్లా కుదరదట. మా డబ్బా ఊరవతల గోదాముకు పోయి, అక్కడ ముద్ర వేయించుకుని, మళ్ళీ మా మీదుగానే వాళ్ళింటికి పోవాలట. మూడో రోజు, ఇవాళ ఇస్తారని ఫోన్లో వచ్చింది. అన్న చొక్కా మార్చుకుని నిలబడ్డాడు.

"నడువు చెల్లె. సూసొద్దాం."

"ఏం సూస్తం అన్నా? ఇస్తరు గద."

"బంతి యాడ వడ్డదో సూడకుండ ఇంటికి పోతమా?"

బస్సెక్కి పోయాం. ఆ ఇంటికి ఎదురుగా ఒక టిఫిన్ సెంటరు పక్కన నిలబడ్డాం. గంటకు పైనే నిలబడ్డాం. డెలివరీ అతను బండి ఆపి గేటు కొట్టాడు. అన్న కదలకుండా నిలబడిపోయాడు.

"ఏమైంది? చెప్పు."

"తలుపు తీసిండన్నా. బట్టతల సారు. లుంగీ మీదున్నడు."

"డబ్బ?"

"తీస్కున్నడు. గాన్నే గేటుకాడ ఇప్పుతున్నడు."

"మొగం ఎట్లున్నది?"

"ఒక బంతి తీసి ఎగరేసి పట్టుకున్నడు. నవ్వుతున్నడు."

"పక్కా నా?"

"పక్కా."

అప్పుడు ఊపిరి వదిలాడు. టిఫిన్ సెంటర్లో నాకు ఇడ్లీ పెట్టించాడు. తను చాయ్ మాత్రం తాగాడు, చక్కెర లేకుండా. తనూ అక్కడే నిలబడి, ఎదురుగా జరిగేది నన్నెందుకు అడిగాడో నాకు తట్టలేదు. పెద్దమనిషి, ఎదుటి ఇంట్లోకి తేరిపార చూడటం బాగుండదని అడిగాడనుకున్నాను.

దసరా సంగతి కూడా చెప్పాలి. అది నా తప్పు.

పోచారం దగ్గర కంప్యూటర్ కంపెనీవాళ్ళు కొందరు కలిసి ఆడుకునే పోటీకి పది డజన్లు అడిగారు. అన్నీ ఏ రకమే కావాలి. అంత పెద్ద ఆర్డరు అదే మొదలు. పండగ మర్నాడు నాలుగింటికి పికప్. మాకప్పుడు వచ్చిన ఆర్డర్లే కొన్ని. ఇంత పెద్దది రద్దయితే ఆన్‌లైన్ వాళ్ళు మా దుకాణం పేజీ మూసేస్తారని వదిన భయపడుతోంది. నేను నాలుగు ట్రేలు నింపి సిద్ధంగా పెట్టాను. పండగ రోజు పొద్దున వచ్చి గది కడిగి, తూకం మిషనుకు, టేపు కత్తెరకు, షట్టరుకు పసుపు రాసి బొట్లు పెట్టాను. పనిముట్ల పూజ అందరూ చేసేదే. తర్వాత ట్రేలు కనపడ్డాయి. మన కూడు పెట్టేవి ఇవే కదా అనుకున్నాను. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే బాగుండదని నూట ఇరవై బంతులకూ పసుపు బొట్టు, దాని మీద కుంకుమ పెట్టాను. కూర్చుని శ్రద్ధగా పెట్టాను.

మర్నాడు అన్న వచ్చి ట్రే మీదికి వంగి, ఒక బంతి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంది చెల్లె?"

"బొట్టన్నా."

"ఎన్నిటికి?"

"అన్నిటికి."

కడిగితే కుంకుమ పోయింది. పసుపు పోలేదు. సబ్బు, నిమ్మకాయ, గిన్నెలు తోమే పొడి, ఏం పెట్టినా పోలేదు. వదిన తల పట్టుకుంది. "ఎవరన్న బంతులకు బొట్లు వెడ్తరా యాదమ్మా? అవ్వేమన్న పెండ్లికొడుకులా?" పని పోయిందనుకున్నాను.

అన్న, "పసుపు ఎండకు పోతది. మిద్దె మీద వెయ్యి" అన్నాడు. మధ్యాహ్నం దాకా మిద్దె మీద కూర్చుని నూట ఇరవై బంతుల బొట్లను ఎండ వైపు తిప్పుతూ ఉన్నాను. మూడు గంటలకు జొన్నగింజంత లేత పసుపు మిగిలింది. దూరం నుంచి చూస్తే కనపడదు.

"కనవడ్తలేదు, వెయ్యనా డబ్బాల?" అంది వదిన.

"కనవడ్తదా లేదా చెల్లె?" అన్నాడు అన్న నా వైపు తిరిగి.

"దగ్గర వెట్టుకుంటే కనవడ్తది."

"గయితే దగ్గరికెళ్ళి ఫోటో తియ్యి. రాయి," అన్నాడు వదినతో. "మా చెల్లె పండగకు బొట్లు వెట్టింది. కడిగినం, జర మిగిలింది. బంతికేం గాలే. వద్దంటే ఆర్డర్ తీసేస్కోండ్రి."

వదిన రాసి పంపింది. ముగ్గురం ఫోను చుట్టూ నిలబడ్డాం. ఆయన కదల్లేదు, ఫ్యాను కూడా కట్టేశాడు. మూడున్నర దాటాక జవాబొచ్చింది. వదిన చదివింది. పంపండి, మా ఇంట్లో నిన్న కారుకూ లాప్‌టాప్‌కూ కూడా పెట్టారు, అని ఉంది.

ఆ తర్వాత ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. మరుసటి దసరాకు మాత్రం పొద్దున్నే వచ్చి ట్రేల మీద దుప్పటి కప్పాడు.

ఆయన ఉప్పల్‌లో దవాఖానాలో నాలుగు రోజులున్నాడు. షుగరు కిడ్నీ దాకా పోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి వదిన ఫోను చేసింది. నేను డబ్బాకు టేపు వేస్తున్నాను. ఫోను పెట్టేసి ఆ డబ్బాకు టేపు పూర్తి చేశాను. ఇంకా ఆరు డబ్బాలున్నాయి. వాటికీ వేశాను. అడ్రసులు గట్టిగా చదివి అంటించాను. పికప్ ఆయన వచ్చి, "అన్న ఇంక రాలేదా?" అన్నాడు. "రాలే" అన్నాను. సంతకం పెట్టి, షట్టరు దించి బస్సెక్కాను. అప్పుడూ ఏడుపు రాలేదు, తర్వాతా రాలేదు. ఆయన ఉన్నప్పుడు ఏరి పెట్టిన సరుకునే రెండు నెలలుగా డబ్బాల్లో సర్దాను. అంతే చేశాను.

నిన్న మధ్యాహ్నానికి సగం సంచి కడిగాను. ఆరిన బంతులు తీసి చూస్తున్నాను గానీ ఏ ట్రేలోనూ వేయలేకపోయాను. ఏ అనిపిస్తోంది, బి అనిపిస్తోంది. నోట్లోంచి మాట రావడం లేదు. చూసినవన్నీ మళ్ళీ అదే టబ్బులో వేస్తున్నాను. షట్టరు తాళం ఇచ్చేద్దామని వదినకు చెప్పాలనుకున్నాను. ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలా అనుకుంటూ ఇంకో బంతికి బురద తోమాను. జొన్నగింజంత పసుపు కనపడింది. ఆ పోటీలో ఎవరో మడుగులోకి కొట్టి ఉంటారు. అడుగున ఎండ తగలని బురదలో ఉండటం వల్లేమో, పోలేదు. మళ్ళీ తోమాను. పోలేదు.

తీసుకుని వదిన దగ్గరికి పోయాను.

"దసరా బంతి వదినా."

వదిన ఫోను పక్కన పెట్టి, దాన్ని బొటనవేలితో రుద్దింది.

"గీ బొట్టును మీ అన్న సూడనే లే."

"సూసిండు. ఇదేందని నన్నే అడిగిండు గద."

"వాసనవట్టిండు యాదమ్మా. అప్పటికే ఆయనకు చూపు లేదు. మనిషి నీడ కనవడ్తుండె, మొగం కనవడకపోతుండె. షుగరు కండ్లను తినేసింది. భుజం గిజం ఏం పోలే. బంతి యాడ వడ్డదో కనవడ్తలేదు, గందుకే మైదానంల సంచి దించిండు. మొదట్ల జర జర కనవడ్తుండె, గప్పుడే నీకు నేర్పిండు."

నేను నిలబడే ఉన్నాను.

"మరి ఇన్ని రోజులు ఏరింది?"

"ఎవరేరిన్రు? నువ్వే ఏరినవ్. ఆయన పక్కా నా అని అడిగెటోడు."

"నాకెందుకు చెప్పలే?"

"నేను చెప్పుదమన్న. వద్దన్నడు. చెప్తే దాని చెయ్యి వణుకుతది, ఏరలేదు అన్నడు. పొద్దున్నే చెప్పాలనుకున్న, నోరు రాలే." బంతి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు చెప్పు. తాళం ఇద్దామా?"

వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. బంతిని కిటికీ వెలుగుకు పట్టాను. గోటితో గీకాను. ఒక పక్క సన్న గీత తగిలింది. కళ్ళు మూసుకుని అరచేతిలో దొర్లించాను. కళ్ళు తెరిచి తెలుపు చూశాను. కొంచెమే తగ్గింది.

"బి" అన్నాను గట్టిగా.

ఫ్యాను తిరుగుతోంది. ఎదురుగా చాయ్ బండాయన గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినపడుతోంది. లోపల వదిన లేచి ఫ్యాను కట్టేసింది.

"పక్కా" అన్నాను.

బొట్టు పైకి కనపడేట్టు తిప్పి బి ట్రేలో పెట్టాను. టబ్బులోంచి ఇంకో బంతి తీశాను.